వేడినీళ్ళ పార్కు నుంచి ఖాళీ క్యాను

మా పావగడ తాలూకాలో ఎవరు ఏ ఊరికి పోయొచ్చినా మొదట అడిగేది ఆ ఊళ్ళో నీళ్ళ సంగతి. తిరుపతి నుంచి వచ్చినవాణ్ణి కూడా దర్శనం ఎంతసేపు పట్టిందని తర్వాతే అడుగుతారు. నేను జపాన్ నుంచి వచ్చి మా ఊరు నాగలమడికలో బస్సు దిగగానే హోటలు అరుగు మీద కూర్చున్న ముసలాయన అదే అడిగాడు.

"ఏమప్పా ఆంజినప్పా, ఆ దేశంలో నీళ్ళెట్లుండాయి?"

"ఉడుకుతాండాయి తాతా" అన్నాను.

పెద్దవాణ్ణి పట్టుకొని ఎగతాళి చేస్తున్నానని ఆయన ముఖం తిప్పుకున్నాడు. నేనన్నది నిజమే. భూమిలోంచి పొగలు కక్కుతూ వచ్చే నీళ్ళను తొట్లలోకి, జారుడు బండలమీదికి మళ్ళించి, పిల్లాజెల్లాతో జనం ఆడుకునే పార్కు ఒకటి చూసి వచ్చాను. మూడు నెలలు ఆ దేశంలో ఉన్నాను కానీ నేను రాయాలనుకున్నది ఆ రెండు రోజుల ప్రయాణం గురించే. వింత దేశం కబుర్లు కదా, సరదాగా ఉంటాయని ఎవరైనా చదవడం మొదలుపెడితే ముందే చెబుతున్నాను, సరదా ఇందులో కొంచెమే ఉంది.

బయలుదేరక ముందు

నేను కర్ణాటక పట్టుశాఖలో, మా పక్క రేష్మె ఇలాఖా అంటారు, డెమాన్‌స్ట్రేటరును. అంటే పట్టుపురుగులు పెంచే రైతుల ఇళ్ళకు సైకిలు మీద తిరిగి, పురుగులకు జబ్బు రాకుండా ఏం చేయాలో చెప్పేవాణ్ణి. శెనక్కాయ పంట ఏడాది తర్వాత ఏడాది ఎండిపోతున్న రోజులవి. బోరు ఉన్నవాళ్ళు అరెకరం మల్బరీ పెట్టుకొని పురుగుల మీద బతికారు. నేనూ ఇంటి వెనక బోరు వేయించాను. మొదటి రెండు చోట్ల దుమ్మే లేచింది. మూడోచోట బోరుబండి గొట్టం చాలా లోతుకు దిగాక నీళ్ళు పైకి చిమ్మాయి. మా ఆవిడ సాకమ్మ ఆ నీళ్ళ కింద నిలబడి ఏడ్చింది.

ఎందుకు ఏడ్చిందో చెప్పాలి. అంతవరకు మా అమ్మ, అమ్మ పోయాక సాకమ్మ, తెల్లారకముందే పినాకిని ఏటికి పోయేవాళ్ళు. ఏరంటే ఇసకే. ఆ ఇసకలో చెలమ తోడి, నీళ్ళు ఊరేదాకా కూర్చొని, కొబ్బరిచిప్పతో ఎత్తి కడవకు పోసుకొని, మైలు దూరం నెత్తిన మోసుకొచ్చేవాళ్ళు. బోరు పడిన రోజు నేను పదిమందిలో ఛాతీ విరుచుకొని, "ఇంక నా ఇంటి ఆడోళ్ళు ఏటికి పొయ్యేది లేదు" అన్నాను. తాగడానికి ఎవరైనా వచ్చి పట్టుకోవచ్చని వీధంతటికీ చెప్పాను. నీళ్ళు కూడా తియ్యగా ఉండేవి.

మా కూతురు పద్దు అప్పటికి రెండేళ్ళ పిల్ల. ఏడేళ్ళు వచ్చేసరికి నడుస్తుంటే దాని మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకోవడం మొదలైంది. పాదాలు ఎడంగా పోయాయి. పళ్ళమీద గోధుమరంగు చారలు వచ్చాయి కానీ పళ్ళను మా పక్క ఎవరూ లెక్క చేయరు. కాళ్ళు అట్లా కాదు కదా. బడిలో నవ్వుతున్నారని పావడ పాదాల దాకా కుట్టించమంది. తల్లి తప్ప ఎవరూ దాని కాళ్ళు చూడకూడదు. కన్న తండ్రిని, నేను దాని మోకాళ్ళు చూసి ఏడాది దాటింది.

డాక్టరు ఎముకలు ఒత్తి చూసి, "నీళ్ళ వల్ల కావచ్చు, మంచి నీళ్ళు తాపండి" అన్నాడు. ఇంకా ఏమన్నా అడగవలసింది. నేను అడగలేదు. అన్నీ తెలిసినవాడిలాగా తలూపి వచ్చేశాను. నా వృత్తిలో జబ్బంటే కంటికి కనబడని క్రిమి. తట్టలు ఉడకబెట్టాలి, గది మందుతో కడగాలి, చేతులు కడుక్కొని ఆకు ముట్టాలి, ఇదే కదా నేను ఊరూరా తిరిగి చెప్పేది. ఇంటికొచ్చి సాకమ్మతో అన్నాను: పద్దుకు కాచిన నీళ్ళే ఇయ్యి, ఊరికే పొంగు రావడం కాదు, సగానికి ఇంకేదాకా కాచు, కట్టెలు నేను తెస్తాను అని. ఏడాదిన్నర పాటు ఆమె అట్లాగే చేసింది.

అట్లా ఉన్నప్పుడు పట్టుపురుగుల పెంపకం నేర్చుకొని రమ్మని నన్ను జపాన్‌కు పంపారు.

పురుగుల బడి

నాతోపాటు శిక్షణకు వచ్చినవాళ్ళలో తెలుగు మాట్లాడేవాడు ఒక్కడే, హిందూపురం పక్క వెంకటేశు. సరిహద్దుకు అవతలివాడైనా మా మాట ఒకటే, మా కరువూ ఒకటే. సంచీలో రెండు కేజీల కారంపొడి, శెనక్కాయల పొడి తెచ్చుకున్నాడు. ఆ దేశంలో మేము బతికింది వాటి మీదే. అన్నం మెత్తగా బాగుంటుంది. దాని పక్కన పెట్టేవి మాత్రం వాసన చూసి వదిలేసినవే ఎక్కువ.

మాకు పాఠం చెప్పే మేష్టరు కిమురా గారు. అరవై దాటిన మనిషి, బక్కగా, ఎప్పుడూ తెల్ల కోటులో ఉండేవాడు. ఆయన ఇంగ్లీషు మా ఇంగ్లీషంతే, అందుకని ఒకరి మాట ఒకరికి బాగా అర్థమయ్యేది. ఒకరోజు ఆయన రెండు తట్టల పురుగులు చూపించాడు. ఒక తట్టలో పురుగులు ముదురు రంగు మచ్చలతో ముడుచుకొని చచ్చి ఉన్నాయి. వాటికి పెట్టిన ఆకు ఇటుకల బట్టీ పక్క తోటది. బట్టీ పొగలో ఫ్లోరైడ్ ఉంటుంది, అది ఆకుమీద పడుతుంది, అందుకే ఆకు పరీక్ష చేయకుండా పురుగుకు పెట్టం అన్నాడు. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. పరీక్షలో వస్తుందేమోనని కింద గీత కూడా గీసుకున్నాను.

మా బడి సెలవుల్లో కిమురా గారు మమ్మల్నిద్దరినీ వేడినీళ్ళ పార్కుకు తీసుకుపోతానన్నాడు. ఆ సంగతి ఇంటికి రాశాను. సాకమ్మకు చదువు రాదు, బడి అయ్యవారి చేత జవాబు రాయించింది. అయ్యవారి గుండ్రటి అక్షరాల్లో ఆమె మాట అట్లే వినిపించింది: "భూమిలోంచి కాగి వచ్చే నీళ్ళంటే దేవుని తీర్థమే గదా. రోంత తీసుకొని రా. బిడ్డ కాళ్ళకు పూసి, రెండు గుక్కలు తాపుతాను. ఈడ ఏం చేసినా తగ్గలేదు." అది చదివాక రెండు లీటర్లు పట్టే ప్లాస్టిక్ క్యాను ఒకటి కొన్నాను.

కొండదారిలో గుడ్లు

బస్సు కొండెక్కుతుంటే కిటికీ అవతల ఎటు చూసినా నీళ్ళే. రాళ్ళలోంచి కారేవి, దారి పక్క కాలవలో పారేవి, వరిమడుల్లో నిలబడ్డవి. మొదట్లో ముచ్చటేసింది. గంటసేపు చూశాక కడుపు మండింది. నాకు ఓర్వలేనితనం ఉందని ఆ బస్సులోనే తెలిసింది. వెంకటేశు కళ్ళు మూసుకొని కూర్చున్నాడు. "ఏమప్పా, నిద్రనా?" అంటే, "నిద్ర కాదన్నా, సూసేకి కాలేదు" అన్నాడు.

కొండమీద బస్సు ఆగినచోట ఒక ముసలావిడ గుడ్లు అమ్ముతోంది. వల సంచీలో గుడ్లు వేసి వేడినీళ్ళ గుంటలోకి దించుతుంది, కాసేపటికి ఉడికినవి పైకి లాగుతుంది. కట్టె లేదు, పొయ్యి లేదు. ఒక గుడ్డు ధరకు మా పావగడ సంతలో పెట్ట కాకపోయినా దాని కాలన్నా వస్తుంది. మేము కొన్నాం. వెంకటేశు జేబులోంచి కారంపొడి పొట్లం తీసి అద్దుకుంటుంటే ముసలావిడ వేలు చాపి తనకూ కొంచెం పెట్టమంది. వద్దని సైగ చేసినా వినలేదు. నాలిక మీద పెట్టుకొని, కళ్ళ నీళ్ళు కారుతుంటే తన తొడ చరుచుకొని నవ్వింది. పోయేటప్పుడు ఊరికే చెరొక గుడ్డు చేతిలో పెట్టింది. ఆమె నడుము నిటారుగా ఉంది. ఆ వయసుకు మా ఊళ్ళో నడుము వంగి నేల చూస్తూ నడిచేవాళ్ళే. అది ముసలితనమనే నేను అప్పటిదాకా అనుకున్నాను.

చిన్న పీటలు

పార్కు వాకిట్లోనే రాతి తొట్టి, దానిమీద సన్నటి గొట్టం. గొట్టంలోంచి పొగలతో నీళ్ళు పడుతుంటాయి. పక్కన పొడుగు పిడి గరిటెలు. వచ్చినవాళ్ళు గరిటెతో పట్టి ఒక గుక్క తాగి లోపలికి పోతున్నారు. తీర్థం పుచ్చుకున్నట్టే ఉంది ఆ వరస. నేను మూడుసార్లు నెత్తిన చల్లుకొని, అరచేతిలో పట్టి తాగాను. వేడిగా, చప్పగా, కొంచెం కోడిగుడ్డు వాసనతో ఉన్నాయి. తర్వాత క్యాను నిండా పట్టుకొని, మూత బిగించి, టవల్లో చుట్టి సంచీలో పెట్టుకున్నాను. నా వెనక నిలబడ్డ నలుగురూ ఓపికగా చూశారు.

లోపల మొదటి నియమం, తొట్లలోకి దిగేముందు ఒళ్ళు కడుక్కోవాలి. మగవాళ్ళకు వేరే గది. ఆ గదిలో వరసగా చిన్న పీటలు, ముందర కొళాయిలు, ఒక్కరి ఒంటిమీదా నూలుపోగు లేదు. వెంకటేశు గడపలోనే ఆగిపోయాడు.

"నేను రానన్నా. నా పెండ్లాము గూడా నన్నిట్ల సూడలేదు."

"నిన్ను సూసేకి ఎవరికీ తీరిక లేదులే, రాప్పా" అని లాక్కుపోయాను.

పీటమీద కూర్చున్నాక నాకు బట్టల సంగతి గుర్తేలేదు. ఆ కొళాయిలు. సబ్బు రాసుకునేటప్పుడు ఎవరూ కట్టడం లేదు. నీళ్ళు నేలమీద పడి కాలవలోకి పోతూనే ఉన్నాయి. మా ఇంట్లో స్నానం నీళ్ళు మునగచెట్టుకు పోవాలి, చెట్టుకు పోగా మిగిలితే బర్రె తాగాలి. నా చేయి ఊరుకోలేదు. పక్కాయన తలకు సబ్బు రాసుకొని కళ్ళు మూసుకుంటే చేయి చాపి ఆయన కొళాయి కట్టేశాను. ఆయన గుడ్డిగా తడుముకుంటూ ఏదో అడుగుతుంటే మళ్ళీ తిప్పి, తల వంచి దండం పెట్టాను. ఆయనా నురగ తలతోనే దండం పెట్టాడు. వెంకటేశు పడీపడీ నవ్వాడు. "అది నీ బోరు కాదులేన్నా" అన్నాడు.

ఆ రోజంతటిలో నేను నవ్వింది అప్పుడే.

గంట కొడితే అలలు

ఒళ్ళు కడుక్కున్నాక అందరూ ఈత బట్టలు వేసుకొని పెద్ద హాల్లోకి పోతారు. అక్కడ ఆడామగా, ముసలీముతకా కలిసే ఉంటారు. మా ఇద్దరికీ చెడ్డీలు బాడుగకు ఇచ్చారు. ఆ హాలు పైకప్పు గాజు. మా ఊరి బడి మైదానం లోపల పట్టేంత పెద్దది. ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు నాటారు. మూలమూలకూ నీళ్ళ తొట్లు, కొన్ని గోరువెచ్చన, కొన్ని కాలు పెట్టలేనంత వేడి. పైనుంచి మెలికలు తిరిగిన గొట్టంలో పిల్లలు కేకలు పెడుతూ జారి నీళ్ళలో పడుతున్నారు. గంట మోగితే నడిమి తొట్టిలో అలలు లేస్తాయి. ఆ గంట వినగానే పిల్లలందరూ అటు పరుగెత్తుతారు. నారింజ రసం ఒక గ్లాసు ధరతో మా ఊళ్ళో ఇద్దరు కూలీలను పొద్దున్నుంచి సాయంత్రందాకా పెట్టుకోవచ్చు.

వెంకటేశు గొంతుదాకా వేడినీళ్ళలో కూర్చొని "స్వర్గమన్నా" అన్నాడు. నేను గట్టుమీద కూర్చున్నాను. నాకు ఆ గొట్టాలు, చెట్లు ఏవీ కనబడటం లేదు. పిల్లల కాళ్ళు కనబడుతున్నాయి. ఎన్ని కాళ్ళు! తడిసిన నేలమీద పరుగెత్తే కాళ్ళు, జారిపడి లేచే కాళ్ళు, గట్టుమీద ఆడించే కాళ్ళు. అన్నీ తిన్ననివే. ఒక్క వంకర కాలన్నా కనబడుతుందేమోనని వెతికాను. సిగ్గు విడిచి రాస్తున్నాను, కనబడితే బాగుండునని కోరుకున్నాను కూడా.

పద్దు ఈడు పిల్ల ఒకతి, ఎర్ర ఈతబట్టల్లో, నా ముందునుంచే అటూఇటూ పోతోంది. నేను ఆ పిల్ల మోకాళ్ళనే చూస్తున్నాను. ఎంతసేపు చూశానో తెలియదు. ఆ పిల్ల తల్లి వచ్చి మధ్యలో నిలబడింది. పిల్లకు టవలు చుట్టి దూరంగా లాక్కుపోయింది. పోతూ నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా ఒంటిమీద ఉంది. కాసేపటికి పార్కు ఉద్యోగి ఒకడు వచ్చి, చాలా మర్యాదగా, నన్ను లేచి రమ్మని చేయి చూపించాడు.

నాకు భాష లేదు. ఎదురుగా ఉద్యోగి, ఆ తల్లి, వెనక ఇంకో ఇద్దరు. కిమురా గారు పరుగున వచ్చి వాళ్ళతో మాట్లాడి, నావైపు తిరిగి ఎరుపెక్కిన ముఖంతో అడిగాడు, ఎందుకు ఆ పిల్లను అట్లా చూస్తున్నావు అని. ఆయన కళ్ళలో కూడా అనుమానం ఉంది.

ఇంగ్లీషులో మోకాలికి మాట ఉంది, వంకరకు మాట ఉంది. ఆ క్షణాన ఒక్కటీ నోటికి రాలేదు. నేను లేచి నిలబడి, మోకాళ్ళు లోపలికి ఒత్తి, పాదాలు ఎడంగా పెట్టి, మా పద్దు నడిచినట్టు నడిచాను. బాడుగ చెడ్డీతో, అంతమంది ముందర, ఐదారు అడుగులు. "మై డాటర్" అన్నాను. వెనక్కి తిరిగి మళ్ళీ నడిచాను. "మై డాటర్. ఎయిట్ ఇయర్స్."

ఆ తల్లి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. తర్వాత నడుము వంచి నాకు దండం పెట్టింది, లేవకుండా చాలాసేపు అట్లాగే ఉంది. ఆ దండం నాకు అక్కర్లేదనిపించింది. ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. వెంకటేశు తడి ఒంటితోనే వచ్చి నా భుజం పట్టుకొని, "నాకెందుకు సెప్పలేదన్నా?" అన్నాడు. రెండు నెలలు ఒకే గదిలో పడుకున్నాం. చెప్పలేదు.

గోడమీది పట్టీ

కిమురా గారు నన్ను పక్కకు కూర్చోబెట్టి పట్టుపురుగుకు జబ్బు చేస్తే అడిగినట్టే వరసగా అడిగాడు. ఎప్పటినుంచి? ఏం తింటుంది? పళ్ళెట్లా ఉన్నాయి? చారలున్నాయని చెప్పాను. నన్ను నోరు తెరవమన్నాడు. తెరిచాను. నా పళ్ళు తెల్లగానే ఉంటాయి.

"మీరు చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగారు?"

"ఏటి ఇసకలో నీళ్ళు."

"మీ అమ్మాయి?"

"బోరు నీళ్ళు. చాలా లోతు. చాలా మంచి నీళ్ళు" అన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు కూడా నా గొంతులో గర్వం ఉంది.

ఆయన నన్ను బట్టలు వేసుకొని సంచీ తెచ్చుకోమని, వాకిట్లోకి తీసుకుపోయాడు. పొద్దున నేను క్యాను నింపిన తొట్టి వెనక గోడకు చెక్క పట్టీ ఒకటి వేలాడుతోంది. పొద్దున చూసి, స్థలపురాణం అనుకున్నాను. కాదట. ఈ నీళ్ళలో ఏమేమి ఎంతెంత ఉన్నాయో రాసిన పట్టీ. ప్రతి వేడినీళ్ళ చోటా ఇట్లా రాసి గోడకు కొట్టాల్సిందేనట. ఆయన వేలు ఒక్కొక్క వరసా దిగుతూ ఒకచోట ఆగింది. "ఫ్లోరైడ్" అన్నాడు. కింద చిన్న అక్షరాలు చదివి, "పిల్లలకు తాగించకూడదు అని రాశారు. పెద్దవాళ్ళు ఒక గుక్క మాత్రమే" అన్నాడు.

ఒళ్ళు కడుక్కునే నీళ్ళకు ఇంత పట్టీ. పురుగు తినే ఆకుకు పరీక్ష. నా బిడ్డ తాగే నీళ్ళలో ఏముందో నేను ఒక్కసారి కూడా అడగలేదు, నోటుబుక్కులో కింద గీత గీసుకున్న తర్వాత కూడా అడగలేదు. లోతు రాళ్ళలో ఇది ఎక్కువగా కరుగుతుంది, మీ బోరులో కూడా ఇదే ఉండొచ్చు, పైపొరల నీళ్ళు, వాన నీళ్ళు మేలు, వెళ్ళగానే పరీక్ష చేయించు అని కిమురా గారు చెబుతున్నాడు. నాకు ఊపిరాడటానికి ఒక్క దారి కనిపించింది.

"మేము కాచి ఇస్తాం సార్. సగానికి ఇంకేదాకా కాచి ఇస్తాం."

ఆయన ముఖం చూశాక అర్థమైంది, నేను అనకూడనిది ఏదో అన్నాను. ఆయన గొట్టం చివర పేరుకున్న తెల్లటి గట్టి పొరను గోటితో గీరి చూపించాడు. "క్రిమి అయితే చచ్చిపోతుంది. ఇది క్రిమి కాదు, ఉప్పులాంటిది. నీళ్ళు ఆవిరై పోతాయి, ఇది గిన్నెలోనే ఉండిపోతుంది. సగం కాస్తే రెండింతలు చిక్కన అవుతుంది" అన్నాడు. మెల్లగా, దయగానే చెప్పాడు.

ఆ తెల్ల పొర నాకు తెలుసు. మా ఇంట్లో పద్దు నీళ్ళు కాచే తపేలా అడుగున అదే ఉంటుంది. సాకమ్మ వారానికొకసారి చింతపండు వేసి తోముతుంది, పోదు. "ఎంత మురికి దిగతాండాదో సూడు, కాచబట్టి సరిపాయ" అని ఇద్దరం సంతోషపడేవాళ్ళం. ఏడాదిన్నర. రోజూ రెండుసార్లు. కట్టెలు నేనే కొట్టి తెచ్చాను.

సంచీలోంచి క్యాను తీసి కాలవలో వంచాను. గుడుగుడుమని చాలాసేపు పోయింది. వెంకటేశు పక్కన నిలబడి, "ఇంట్లో ఏమి సెప్తావన్నా?" అన్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది. వేడినీళ్ళకు వచ్చేపోయే జనం మధ్యలో, టవలు ముఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్చాను.

తంతి

ఉత్తరం రాస్తే చేరేసరికి పదిహేను రోజులు. ఆ పదిహేను రోజులూ అక్కడ పొయ్యిమీద తపేలా ఉడుకుతూనే ఉంటుంది. మా ఊళ్ళో ఫోను లేదు. మర్నాడు పొద్దున పోస్టాఫీసు తెరవగానే కిమురా గారి చేత తంతి ఇప్పించాను. నీళ్ళు కాచవద్దు, పద్దుకు ఏటి నీళ్ళే ఇవ్వండి. ఇంగ్లీషులో ఇంతే. పార్కులో ఇంకో పూట ఉండే టికెట్టు మా దగ్గర ఉంది కానీ ఎవరమూ ఆ పేరెత్తలేదు. బస్సులో దిగుతుంటే దారి పొడవునా మళ్ళీ అవే నీళ్ళు. ఈసారి నేనూ కళ్ళు మూసుకున్నాను.

ఆ తంతి మా ఊరికి చేరిన వైనం తర్వాత తెలిసింది. మా పక్క తంతి వచ్చిందంటే చావు కబురే. టపావాడు వాకిట్లో నిలబడి "జపాన్ నుంచి తంతి" అనగానే సాకమ్మ కూలబడిపోయిందట. ఇంగ్లీషు చదవగలిగిన బడి అయ్యవారు పొరుగూరికి పోయి ఉన్నాడు. ఆయన వచ్చేదాకా వీధి ఆడవాళ్ళందరూ చేరి నా పేరు పెట్టి ఏడ్చారు. పద్దు మూలన ముడుచుకొని కూర్చుందట. అయ్యవారు వచ్చి చదివి చెప్పాక ఏడ్చినవాళ్ళకు ఒళ్ళు మండింది. నీళ్ళు కాచొద్దని సముద్రాలవతల నుంచి తంతి ఇచ్చేవాడు ఎవడన్నా ఉంటాడా అని తిట్టుకుంటూ పోయారు. సాకమ్మ తిట్టలేదు. మర్నాడు తెల్లవారకముందే పాత కడవ దులుపుకొని ఏటికి పోయింది.

నాగలమడిక

నేను ఇల్లు చేరేసరికి ఆమె నెత్తిమీద మళ్ళీ చుట్టకుదురు ఉంది. నేను పదిమందిలో అన్న మాట గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. జరిగింది చెప్పాను. గొట్టం చివరి తెల్ల పొర సంగతి కూడా దాచలేదు. ఆమె విని, లేచిపోయి, ఆ తపేలా తెచ్చి నా ముందర బోర్లించింది.

"నా చేత్తోనే తాపినాను గదా" అంది. "నువ్వు సెప్తివి, నేను తాపితి."

నేను లేచి, సీసా ఒకటి కడుక్కొని బోరు దగ్గరికి పోయాను.

బోరు నీళ్ళు పరీక్షకు పంపించాను. కాగితం వచ్చింది. కిమురా గారు అనుకున్నదే నిజం. అంకె మాత్రం ఆ వేడినీళ్ళ గోడమీది అంకె కంటే ఎక్కువ. డాక్టరు దగ్గరికి మళ్ళీ పోయి ఈసారి అన్నీ అడిగాను. నీళ్ళు మారిస్తే ఇంక ముదరకపోవచ్చు, వంగినంత మటుకు వంగినట్టే అన్నాడు.

ఇప్పుడు పొద్దున్నే ఏటికి పోయేది నేను. జపాన్ క్యాను తీసుకుపోతాను. చెలమలో నీళ్ళు ఊరేదాకా ఇసకలో కూర్చుంటాను. ఎండలు ముదిరితే అది కూడా ఊరదు, అప్పుడేమిటో తెలియదు. "సప్పగుండాయి నాయనా, బోరువే బాగుండె" అని పద్దు ముఖం చిట్లిస్తుంది, అయినా తాగుతుంది.

ఒక చెక్క సంపాదించి బోరు గది గోడకు పట్టీ కొట్టాను. "ఈ నీళ్ళు చెట్లకు. తాగవద్దు. పిల్లలకు అసలే ఇవ్వవద్దు" అని తెలుగులోనూ కన్నడంలోనూ రాయించాను. పరీక్ష కాగితం కూడా పక్కన అంటించాను. అంతే, వీధంతా నాకు శత్రువులయ్యారు. విమానమెక్కి వచ్చాక నీళ్ళు ఇయ్యడానికి కూడా మనసు రాలేదన్నారు. కాగితం వానలు లేకున్నా వారంలో ఎవరో చింపేశారు.

మొన్న పొద్దున జరిగింది రాసి ముగిస్తాను. నేను మల్బరీ సాళ్ళలో ఆకు కోస్తున్నాను. పద్దు బోరు గది గడపమీద కూర్చొని ఉంది. పక్కింటి సుబ్బక్క బిందె తెచ్చి కొళాయి కింద పెట్టింది. ఆమెకు రెండేళ్ళ మనవడు ఉన్నాడు.

"ఆ నీళ్ళు పట్టుకోవద్దు సుబ్బత్తా" అంది పద్దు.

"మీ నాయన మాదిరే అంటాండావే నువ్వుగూడా. ఎవరి సొమ్మే? భూతల్లి ఇచ్చిన నీళ్ళు."

"బోర్డు సూడు. రాసుండాది."

"నాకు సదువు యాడొస్తాదే?" అని సుబ్బక్క కొళాయి తిప్పింది.

పద్దు గడప పట్టుకొని లేచింది. సుబ్బక్క ముందరికి వచ్చి నిలబడి, రెండు చేతులా పావడ పట్టుకొని మోకాళ్ళ పైదాకా ఎత్తింది.

"సదవనీకి రాకపోతే ఇది సూడు అత్తా" అంది.

నేను ఆకుల మధ్యనుంచి చూశాను. ఏడాదిన్నర తర్వాత నా బిడ్డ మోకాళ్ళు చూశాను. నేను ఆ పార్కులో నడిచి చూపించింది తప్పు. నేను చూపించిన దానికంటే చాలా ఎక్కువ వంగిపోయి ఉన్నాయి.

బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. సుబ్బక్క కొళాయి కట్టేయలేదు, బిందె ఎత్తలేదు. పద్దు పావడ దించలేదు. ఆమె చూడటం అయ్యేదాకా అట్లాగే పట్టుకొని నిలబడింది. చివరికి సుబ్బక్క వంగి, ఆ బిందెను మల్బరీ మొదట్లో వంచి, ఖాళీ బిందె చంకన పెట్టుకొని ఏటి దారి పట్టింది.